ఉన్న చోటు, ఉన్నామనుకున్న చోటు: చంద్రుడి మీద దిగడాన్ని కంప్యూటర్‌లో మళ్లీ నడిపించాలంటే

1969 జూలై 20. అపోలో 11 ల్యాండర్ ఈగల్ ఇంజిన్ వెలిగించి చంద్రుడి మీదికి దిగడం మొదలుపెట్టింది. మొదటి నిమిషాల్లో దాని కిటికీలు కిందికి తిరిగి ఉన్నాయి. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ముందే బట్టీపట్టిన గుంటలు ఒక్కొక్కటీ కింద నుంచి వెళ్తుంటే టైమ్ చూసుకుంటున్నారు. మస్కెలిన్ డబ్ల్యూ అనే గుంట రావాల్సిన దానికన్నా రెండు మూడు సెకన్లు ముందే వచ్చేసింది. అంత వేగంలో ఒక సెకను అంటే దాదాపు ఒక మైలు. అంటే అనుకున్న చోటుని దాటి నాలుగైదు కిలోమీటర్ల అవతల దిగబోతున్నారన్నమాట. కంప్యూటర్‌కి మాత్రం ఈ సంగతి తెలియదు. దాని లెక్క ప్రకారం అంతా సవ్యంగానే ఉంది.

ఈ దిగడాన్ని మన ఇంట్లో కంప్యూటర్‌ మీద యథాతథంగా మళ్లీ నడిపించాలనే కోరిక చాలామందికి ఉంటుంది. నాకూ ఉంది, అందుకే కొన్నేళ్లుగా సాయంత్రాలు దీనికే పోతున్నాయి. మొదలుపెట్టేవాళ్లు దాదాపు అందరూ బొమ్మతోనే మొదలుపెడతారు. గుంటలు, నీడలు, బంగారు రేకు చుట్టిన ల్యాండర్. నేనూ అలాగే మొదలుపెట్టాను. అసలు కష్టం పై పేరాలో ఉందని తెలియడానికి చాలా కాలం పట్టింది. చరిత్రలో జరిగిన ల్యాండింగ్‌ని నిజంగా నడిపించాలంటే వ్యోమనౌక ఉన్న చోటు ఒకటి, ఉన్నాననుకున్న చోటు ఇంకొకటి, రెండూ వేరువేరుగా లెక్కగట్టాలి. ఆ రెండింటి మధ్య తేడాలోనే ఆ రోజు టెన్షన్ అంతా ఉంది.

మూలంలో ఉన్న భౌతికశాస్త్రం చిన్నదే. కిందికి పడే వేగాన్ని ప్రతి సెకనుకీ సెకనుకు 1.62 మీటర్ల చొప్పున పెంచే గురుత్వాకర్షణ, పైన ఇంజిన్ తోపుడు, తరిగిపోయే ఇంధనం. ఈ మూడింటితోనే 1969లో అమెరికాలోని లెక్సింగ్టన్‌లో హైస్కూల్ విద్యార్థి జిమ్ స్టోరర్ పీడీపీ-8 కంప్యూటర్ మీద ల్యాండింగ్ ఆట రాశారు. బొమ్మ లేదు, అంకెలే. పది సెకన్లకోసారి ఎంత ఇంధనం మండించాలో అడుగుతుంది, మీరు చెప్పాలి. 2024లో ఒకాయన ఆ పాత కోడ్ తిరగేస్తూ ఒక సూత్రంలో రెండుతో భాగించడం తప్పిపోయిందని పట్టుకున్నారు. యాభై ఐదేళ్లు ఎవరికీ కనబడలేదు. ఆట ఆడేవాడికి అది తెలిసే అవకాశం లేదు, ఎందుకంటే పక్కన పోల్చి చూసుకోవడానికి నిజం అనేది ఏదీ లేదు.

మనకు ఆ సౌకర్యం లేదు. మనం నడిపించేది జరిగిన సంఘటన. ఎక్కడ దిగిందో తెలుసు, ఏ సెకనుకు దిగిందో తెలుసు. 

కాబట్టి ముందు లెక్కలు వేసే పద్ధతి గురించి. కంప్యూటర్ కాలాన్ని ముక్కలు చేసి ముందుకు నడుస్తుంది. ఇప్పుడున్న వేగాన్ని బట్టి చోటు మార్చు, ఇప్పుడున్న ఆకర్షణని బట్టి వేగం మార్చు, మళ్లీ అదే. దీన్ని ఆయిలర్ పద్ధతి అంటారు, ఎవరైనా మొదట రాసేది ఇదే. నేను వంద కిలోమీటర్ల ఎత్తులో ఒక నౌకని గుండ్రటి కక్ష్యలో పెట్టి, సెకనుకో అడుగు చొప్పున ఈ పద్ధతిలో తిప్పాను. ఇంజిన్ ఆపేసి ఉంది. దాదాపు రెండు గంటల్లో ఒక చుట్టు పూర్తయ్యేసరికి కక్ష్య ఇరవై కిలోమీటర్లు పైకి ఉబ్బింది. ఎక్కడా ఏ తోపుడూ లేకుండానే. ప్రతి అడుగులోనూ నౌక వంపు వెంట కాకుండా గీత వెంట కాస్త బయటికి జరుగుతుంది, ఏడు వేల అడుగుల్లో ఆ కాస్తలన్నీ కలిసి అంతవుతాయి. వేగాన్ని ముందు మార్చి, ఆ కొత్త వేగంతో చోటు మార్చితే, అంటే రెండు లైన్లు అటూ ఇటూ చేస్తే, ఈ రోగం దాదాపు పోతుంది. పద్ధతి మార్చి రుంగే-కుట్టా వాడితే ఇంకా మంచిది. దిగడం మొదలైన ఎత్తే పదిహేను కిలోమీటర్లు. ఇరవై కిలోమీటర్ల తప్పు పెట్టుకుని అపోలో గురించి మాట్లాడలేం.

ఇంకో చిన్న గొయ్యి కూడా ఇక్కడే ఉంది. గ్రాఫిక్స్ కార్డులు ఎక్కువగా వాడే 32 బిట్ల దశాంశ సంఖ్యలో చంద్రుడి కేంద్రం నుంచి దూరం, అంటే పదిహేడు లక్షల మీటర్లకు పైన, రాస్తే దాని సూక్ష్మత పన్నెండున్నర సెంటీమీటర్లు. ల్యాండర్ నేల మీద నిలబడ్డాక కాళ్లు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంటే కారణం ఇదే. చోటుని 64 బిట్లలో దాచి, కెమెరా దగ్గర నుంచి దూరాన్ని మాత్రమే గ్రాఫిక్స్‌కి ఇవ్వాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈగల్‌ తను ఎక్కడుందో కొలవలేదు. దానిలో ఉన్నవి వేగంలో వచ్చే మార్పుని పట్టే పరికరాలు, దిక్కు తప్పకుండా నిలబెట్టే జైరోలు. భూమ్మీది రాడార్లు ముందుగా చోటూ వేగమూ లెక్కగట్టి రేడియోలో పంపుతాయి. అక్కడి నుంచి కంప్యూటర్ రెండు సెకన్లకోసారి ఇంజిన్ వల్ల ఎంత వేగం మారింది, ఆకర్షణ వల్ల ఎంత మారింది అని కూడుకుంటూ పోతుంది. కళ్లకు గంతలు కట్టుకుని, వేసిన అడుగులు లెక్కపెట్టుకుంటూ ఊరు దాటడం లాంటిది. మొదటి అడుగు పడిన చోటు తప్పయితే, ప్రతి అడుగూ సరిగ్గా లెక్కపెట్టినా ఆ తప్పు చివరిదాకా వెంట వస్తుంది.

ఆ మొదటి తప్పు ఎక్కడిది? ఈగల్‌కీ, కక్ష్యలోనే ఉండిపోయే కొలంబియా నౌకకీ మధ్య ఒక సొరంగం ఉండేది. విడిపోయే ముందు అందులో గాలి పూర్తిగా ఖాళీ కాలేదు. విడిపోయినప్పుడు మిగిలిన గాలి ఈగల్‌ని కొంచెం తోసింది. లెక్కలోకి రాని ఇలాంటి చిన్నచిన్న తోపుళ్లు ఒక చుట్టు తిరిగేసరికి కిలోమీటర్లయ్యాయి. దీనికి చంద్రుడి ఆకర్షణ కూడా తోడు. చంద్రుడి కింద కొన్నిచోట్ల బరువైన రాతి ముద్దలున్నాయని, వాటి మీదుగా వెళ్లేటప్పుడు నౌకల దారి చెదురుతోందని పాల్ ముల్లర్, విలియం స్యోగ్రెన్ 1968లోనే చూపించారు. వాటినే మాస్కాన్లు అంటున్నాం. కానీ ఆనాటికి వాటి పటం ముతకగానే ఉంది. 2012లో గ్రెయిల్ జంట నౌకలు చంద్రుడి ఆకర్షణని సూక్ష్మంగా కొలిచాకే నిజమైన పటం వచ్చింది.

సిమ్యులేటర్ రాసేవాడికి దీని అర్థం ఏమిటంటే, చంద్రుడిని రెండుసార్లు తయారుచేయాలి. నౌక నిజంగా తిరిగే చంద్రుడికి గ్రెయిల్ ఇచ్చిన ఆకర్షణ. కంప్యూటర్ తలలో ఉన్న చంద్రుడికి 1969 నాటి సాదా ఆకర్షణ. మంచి పటం దొరికింది కదా అని దాన్నే రెండుచోట్లా వాడితే ఈగల్ ప్రతిసారీ గీత గీసినట్టు అనుకున్న చోటే దిగుతుంది. ఆ రోజు అలా జరగలేదు.

దిగేటప్పుడు కింది రాడార్ ఉంది కదా, అది సరిచేయదా అని అడగొచ్చు. సరిచేస్తుంది, కానీ కొంతే. రాడార్ నేలకి ఎంత ఎత్తులో ఉన్నామో, ఎంత వేగంతో కదులుతున్నామో చెబుతుంది. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయనతో పాటు దిగుతున్న బజ్ ఆల్డ్రిన్‌ల కంప్యూటర్ అనుకున్న ఎత్తుకీ, రాడార్ చూపించిన ఎత్తుకీ సుమారు 2,900 అడుగుల తేడా కనిపించింది. దాన్ని కంప్యూటర్ మెల్లిగా కలుపుకుంది. కానీ ఏ ఊరి మీద ఉన్నామో రాడార్‌కి తెలియదు. ముందుకి ఎక్కువ దూరం వచ్చేశామన్న తప్పు అలాగే మిగిలిపోయింది. దాన్ని పట్టుకున్నది ఒక మనిషి కళ్లు, చేతిలో వాచీ.

నాలుగు నెలల తర్వాత అపోలో 12కి ఈ చిక్కు విప్పారు. దిగుతుండగానే భూమి నుంచి డాప్లర్ కొలతలు (రేడియో తరంగాల్లో మార్పుని బట్టి నౌక వేగం తేల్చేవి) చూసి, నౌక ఎంత ముందుకి వచ్చిందో తేల్చి, అంత తేడాని కంప్యూటర్‌లో కొట్టమని చెప్పారు. నౌక చోటుని కదపలేదు, దిగాల్సిన చోటుని కదిపారు. 4,200 అడుగులు అని పీట్ కాన్రాడ్ జట్టుకి చెప్పారు, వాళ్లు కొట్టారు. చివరికి అప్పటికే రెండేళ్లుగా అక్కడ నిలబడి ఉన్న సర్వేయర్ 3 అనే మనుషుల్లేని నౌకకి రెండు వందల మీటర్ల లోపే దిగారు. సిమ్యులేటర్‌లో ఉన్న చోటు, ఉన్నామనుకున్న చోటు వేరుగా ఉంచకపోతే ఈ అంకె కొట్టడానికి అర్థమే ఉండదు.

ఇక ఆ కంప్యూటర్. అపోలో గైడెన్స్ కంప్యూటర్‌లో చెరిపి రాసుకునే మెమరీ 2,048 మాటలు, శాశ్వత మెమరీ 36,864 మాటలు. ఒక్కో మాట 15 బిట్లు. శాశ్వత మెమరీని ఫ్యాక్టరీలో ఆడవాళ్లు రాగి తీగల్ని చిన్నచిన్న అయస్కాంత ఉంగరాల్లోంచి, పక్కనుంచి దూరుస్తూ చేత్తో అల్లారు. తీగ ఉంగరంలోంచి వెళ్తే ఒకటి, పక్కనుంచి వెళ్తే సున్నా. ఎంఐటీ వాళ్లు రాసిన ఆ ప్రోగ్రామ్ పేరు లూమినరీ. అపోలో 11లో వెళ్లింది 99వ కూర్పు.

ఈ ప్రోగ్రామ్ ఏం చేస్తుందో చదివి తెలుసుకుని, దాన్నే ఈనాటి భాషలో తిరగరాసి సిమ్యులేటర్‌లో పెట్టొచ్చు. చాలా ఆటలు అదే చేశాయి. ఇంకో దారి ఉంది. అసలు కోడ్‌నే నడిపించడం. 2003లో రాన్ బర్కీ మొదలుపెట్టిన వర్చువల్ ఏజీసీ అనే ప్రాజెక్టు ఆ పని చేసింది. దాచి ఉంచిన కాగితాల ప్రింటౌట్లు స్కాన్ చేసి, లైను లైనూ టైపు చేసి, తప్పులు దిద్ది, ఆ పాత కంప్యూటర్‌లా ప్రవర్తించే ప్రోగ్రామ్ మీద నడిపారు. మార్టిన్ ష్వైగర్ 2000లో విడుదల చేసిన ఆర్బిటర్ అనే అంతరిక్ష సిమ్యులేటర్ మీద కొందరు ఔత్సాహికులు కట్టిన నాస్‌ప్ అనే అపోలో నౌక లోపల ఇదే కోడ్ నడుస్తుంది. అక్కడ మీరు వెర్బ్ (ఏం చేయాలో), నౌన్ (దేన్నో) అంకెలు నొక్కితే జవాబిచ్చేది 1969లో రాసిన కోడే. నాకు దీనికంటే గౌరవమైన పని ఈ రంగంలో ఇంకోటి కనిపించదు.

అసలు కోడ్ పెట్టేస్తే చాలదు, దానికి అసలు ప్రపంచాన్ని అందించాలి. దీనికి 1202 అలారం కన్నా మంచి ఉదాహరణ లేదు, అందుకని కొంచెం దగ్గరగా చూద్దాం.

ఈ కంప్యూటర్ ఒకేసారి చాలా పనులు చేస్తుంది. ప్రతి పనికీ లెక్కలు రాసుకోవడానికి ఒక పలక ఇస్తుందనుకోండి. పలకలు కొన్నే ఉన్నాయి. పని అయిపోతే పలక తుడిచి ఇంకో పనికి ఇస్తుంది. దిగడానికి సంబంధించిన పెద్ద పని రెండు సెకన్లకోసారి మొదలవుతుంది, ఆలోపే ముగియాలి. ముగియకపోతే పాత పలక చేతిలో ఉండగానే కొత్తది తీసుకోవాల్సి వస్తుంది. ఇలా పలకలన్నీ అయిపోతే వచ్చేదే 1202. ఇంకో రకం పెద్ద పలకలు అయిపోతే 1201.

ఆ రోజు పని ఎందుకు ముగియలేదు? పైన తిరుగుతున్న కొలంబియాని వెతికే రాడార్ స్విచ్ ఒక స్థానంలో ఉంది. అవసరమైతే వెనక్కి తిరిగి వెళ్లడానికి సిద్ధంగా ఉండాలని అలా పెట్టారు. ఆ రాడార్‌కి కరెంటు ఇచ్చే సరఫరా, కంప్యూటర్‌కి సంబంధించిన సరఫరా ఒకే వేగంతో ఊగుతున్నాయి కానీ అడుగు కలవలేదు. దాంతో రాడార్ కోణాలు కొలిచే సర్క్యూట్ నిలకడ లేక, రెండు కోణాలకీ కలిపి సెకనుకు 12,800 పల్సులు కంప్యూటర్‌కి పంపింది. ఒక్కో పల్సుని లెక్కపెట్టుకోవడానికి కంప్యూటర్ ఒక మెమరీ సైకిల్ ఆగాలి. మెమరీ సైకిల్ అంటే 11.7 మైక్రోసెకన్లు. గుణించి చూడండి, సెకనులో దాదాపు ఏడో వంతు, అంటే 15 శాతం. కంప్యూటర్‌కి ఆ సమయంలో మిగులు చాలా తక్కువ. దానికి తోడు ఆల్డ్రిన్ ఎత్తు తేడా చూపించమని ఒక కమాండ్ నొక్కారు. పలకలు అయిపోయాయి.

అలారం మోగాక కంప్యూటర్ చేసింది గొప్ప పని. అన్ని పలకలూ తుడిచేసి, ముఖ్యమైన పనుల్ని మాత్రం ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. తెర మీద అంకెలు చూపించే పని వదిలేసింది, ఇంజిన్ నడిపే పని వదల్లేదు. దిగేలోపు ఇలా ఐదుసార్లు జరిగింది, నాలుగుసార్లు 1202, ఒకసారి 1201.

సిమ్యులేటర్‌లో దీన్ని రెండు రకాలుగా పెట్టొచ్చు. ఫలానా సెకనుకి అలారం మోగించు అని రాసేయడం తేలిక. నా మొదటి కూర్పులో అదే రాశాను, చూసినవాళ్లకి నచ్చింది కూడా. కానీ అది రికార్డు పెట్టి వినిపించినట్టే. రెండో దారిలో అలారం గురించి ఏమీ రాయం. పల్సులు మాత్రం పంపుతాం, ఒక్కోదానికి ఒక సైకిల్ కోత పెడతాం. అప్పుడు అలారం దానంతట అదే రావాలి. ఆల్డ్రిన్ ఆ కమాండ్ నొక్కకపోతే రాకుండా ఉండే అవకాశం కూడా ఉండాలి. రాడార్ స్విచ్ తిప్పేస్తే ఆగిపోవాలి. ఆడేవాడు స్విచ్ తిప్పి చూసి, ఆగిందని గమనించిన క్షణంలో అతనికి ఆ కంప్యూటర్ గురించి అర్థమయ్యేది పది వ్యాసాలు చదివినా రాదు.

సిమ్యులేషన్ విలువ హ్యూస్టన్‌లోని కంట్రోల్ రూమ్ వాళ్లకే ముందుగా తెలిసింది. ల్యాండింగ్‌కి పదిహేను రోజుల ముందు, జూలై 5న, శిక్షణ నడిపే డిక్ కూస్ ఒక సిమ్యులేషన్‌లో కావాలని కంప్యూటర్ అలారం మోగించారు. గైడెన్స్ చూసే స్టీవ్ బేల్స్‌కి అది ఏమిటో తెలియక ల్యాండింగ్ ఆపేయమన్నారు. ఆపాల్సిన అవసరం లేదని తర్వాత తేలింది. ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్ అన్ని అలారాలకీ ఏం చేయాలో ముందే తేల్చి పెట్టమన్నారు. కంప్యూటర్ ఇంజినీర్ జాక్ గార్మన్ ఒక కాగితం మీద వాటన్నిటినీ చేత్తో రాసి పెట్టుకున్నారు. అసలు రోజున 1202 మోగితే, కొనసాగవచ్చు అని కొన్ని సెకన్లలో చెప్పగలిగింది ఆ కాగితం వల్లే.

అదే సిమ్యులేషన్లు చూపించలేకపోయినది కూడా ఒకటుంది. దిగడానికి వాడే కింది ఇంజిన్‌కి థ్రాటిల్, అంటే తోపుడు స్థాయి, మార్చమని చెబితే అది మారడానికి 0.3 సెకన్లు పడుతుందని కాగితాల్లో ఉంది. ఇంజిన్ తయారీలో ఆ ఆలస్యం 0.075 సెకన్లకి తగ్గింది, కాగితం మాత్రం మారలేదు. కంప్యూటర్ కోడ్‌లో 0.2 సెకన్లకి సరిదిద్దే లెక్క పెట్టారు. దాంతో నిజం ఇంజిన్ విషయంలో ఎక్కువ సరిదిద్దినట్టయింది, చివరి దశలో థ్రాటిల్ పైకీ కిందికీ ఊగింది. కాగితం నమ్మి పూర్తి 0.3 పెట్టి ఉంటే ఊపు అదుపు తప్పేదని తర్వాతి విశ్లేషణలో తేలింది. కాగితంలోని ఇంజిన్‌తో చేసిన సిమ్యులేషన్‌లో ఇది కనబడే అవకాశమే లేదు. ల్యాండింగ్ కోడ్ రాసిన డాన్ ఐల్స్ తర్వాత ఈ కథంతా వివరంగా చెప్పారు. పాత పత్రాల్లోంచి అంకెలు ఎత్తి సిమ్యులేటర్ రాసేవాళ్లందరూ దీన్ని ఒకసారి చదవాలి. మనం ఎత్తుతున్నది ఇంజిన్ అంకె కావచ్చు, పాతబడిన కాగితం అంకె కావచ్చు.

ఇంజిన్ గురించి ఇంకొక్క మాట. సున్నా నుంచి వంద దాకా ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకునే థ్రాటిల్ కాదు ఇది. మొదట పది శాతంతో 26 సెకన్లు మండి, తోపుడు సరిగ్గా బరువు కేంద్రంలోంచి వెళ్లేలా సర్దుకుంటుంది. తర్వాత దాదాపు పూర్తిగా. సుమారు 65 నుంచి 92 శాతం మధ్య వాడకూడదు, లోపలి గొంతు అరిగిపోతుంది. అందుకే ఆరు నిమిషాలు దాటాక ఒక్కసారిగా సగానికి తగ్గే క్షణం ఒకటి వస్తుంది. అది అనుకున్న సెకనుకి వస్తే లెక్క కుదిరినట్టే. సిమ్యులేటర్ పరీక్షకి కూడా ఇది మంచి కొలబద్ద.

బొమ్మ విషయానికి ఇప్పుడు రావచ్చు. 2009లో వెళ్లిన ఎల్‌ఆర్‌ఓ నౌక చంద్రుడిని అర మీటరుకో చుక్క చొప్పున ఫొటోలు తీసింది, లేజర్‌తో ఎత్తులు కొలిచింది. మన చంద్రయాన్-2 ఆర్బిటర్ కెమెరా అంతకన్నా సూక్ష్మంగా అపోలో 11, 12 దిగిన చోట్లని తీసింది. సామగ్రికి కొదవ లేదు. చిక్కల్లా ఫొటోలో నీడలు అప్పటికే పడి ఉండటం. ఆ ఫొటోని నేల మీద పరిచి, మన సూర్యుడిని ఇంకో చోట పెడితే గుంటకి రెండు వైపులా నీడ వస్తుంది. మధ్యాహ్నం వేళ తీసిన ఫొటో నుంచి నేల రంగు మాత్రమే తీసుకుని, నీడని ఎత్తుల పటం నుంచి లెక్కగట్టాలి. అర మీటరు కన్నా చిన్న రాళ్లు ఎలాగూ మనం కల్పించాల్సిందే. ఆ సంగతి ఆడేవాళ్లకి చెప్పేయడం మంచిది.

వెలుతురు కూడా ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా ఉండే లెక్క ప్రకారం నడవదు. పున్నమి నాడు మేడ ఎక్కి చూడండి. బంతి అయితే అంచులు మసకబారాలి. చంద్రుడు పళ్లెంలా అంచుదాకా ఒకేలా వెలుగుతాడు. ఆ నేల ధూళి వెలుతురుని వచ్చిన దిక్కుకే ఎక్కువగా తిప్పి పంపుతుంది. ఈగల్ దిగేటప్పుడు సూర్యుడు వెనక, దిగంతానికి దాదాపు 11 డిగ్రీల పైన ఉన్నాడు. దిగే దారి వాలు, సూర్యకిరణాల వాలు ఒకటైతే ప్రతి రాయీ తన నీడని తనే దాచేసుకుంటుంది, ముందున్నదంతా తెల్లగా చదునుగా కనబడుతుంది. అలా కాకుండా ఉండాలనే సూర్యుడి ఎత్తుని చూసి ప్రయాణం రోజు నిర్ణయించారు. ధూళి అంటే గుర్తొచ్చింది, చివరి వంద అడుగుల్లో లేచేది భూమ్మీద హెలికాప్టర్ లేపే దుమ్ములా మేఘం కట్టదు. గాలి లేదు కాబట్టి పల్చటి చాపలా నాలుగు వైపులా నేల వెంట దూసుకుపోతుంది. కదిలే ఆ చాపలోంచి కదలని రాళ్లని చూస్తూ తన కదలికని అంచనా వేయడం కష్టమైందని ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పారు.

నౌకని నడిపే కర్ర పట్టుకున్న చేతికి ఒక సంగతి తెలియాలి. ఆకర్షణ ఆరో వంతే కాబట్టి, పక్కకి అంతే జోరుగా కదలాలంటే నౌకని భూమ్మీద కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వాల్చాలి. వాల్చాక ఆపడానికి మళ్లీ అటువైపు వాల్చాలి. దీన్ని నేర్పడానికే బరువులో ఆరింట ఐదు వంతుల్ని జెట్ ఇంజిన్‌తో మోసే ఒక విచిత్రమైన యంత్రం కట్టారు. 1968 మే 6న అది అదుపు తప్పితే ఆర్మ్‌స్ట్రాంగ్ సీటుతో సహా బయటికి ఎగిరి ప్రాణాలు దక్కించుకున్నారు. అయినా దాని మీద శిక్షణ కావాల్సిందే అన్నారు.

చరిత్ర అంటే అపోలో ఒక్కటే కాదు. 2019 సెప్టెంబర్‌లో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ దిగబోయిన పదమూడు నిమిషాలు మనలో చాలామంది టీవీ ముందు ఊపిరి బిగబట్టి చూశాం. దాన్ని సిమ్యులేట్ చేయాలనుకునేవాళ్లకి ప్రభుత్వం పార్లమెంటులో చెప్పిన అంకెలున్నాయి. 30 కిలోమీటర్ల నుంచి 7.4 కిలోమీటర్ల ఎత్తు దాకా అంతా సవ్యం, వేగం సెకనుకు 1,683 మీటర్ల నుంచి 146 మీటర్లకి తగ్గింది. ఆ తర్వాతి దశలో వేగం అనుకున్నదాని కన్నా ఎక్కువ తగ్గింది. ఇంజిన్ల తోపుడు అనుకున్నదానికన్నా ఎక్కువ ఉందని, తప్పులు పోగుపడ్డాయని, నౌక తిరిగే వేగానికి సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన హద్దు చాలలేదని, దిగాల్సిన చోటు 500 మీటర్ల చదరమే కావడం కూడా ఇబ్బంది అయిందని 2023లో అప్పటి ఇస్రో చైర్మన్ సోమనాథ్ వివరించారు. ఇక్కడా అదే కథ. తోపుడు ఎంతని నౌక అనుకుందో, నిజంగా ఎంత ఉందో, ఆ రెండింటి మధ్య తేడా.

2023 జూలై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3లో దీనికి జవాబు కనిపిస్తుంది. దిగే చోటుని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకి పెంచారు. నడిమి ఐదో ఇంజిన్ తీసేసి నాలుగే ఉంచారు. వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ పరికరం చేర్చారు. ఏం సరిగ్గా జరుగుతుంది అని కాకుండా ఏమేం చెడిపోవచ్చు అని మొదలుపెట్టి కట్టాం అని సోమనాథ్ చెప్పారు. ఇంట్లో సిమ్యులేటర్ రాసేవాళ్లకి దీన్ని పరీక్షించే దారి సులువే. ఇంజిన్ తోపుడులో, తొలి చోటులో, కొలిచే పరికరాల్లో కొద్దికొద్ది తప్పులు యాదృచ్ఛికంగా పెట్టి అదే ల్యాండింగ్‌ని వెయ్యిసార్లు నడపండి. దిగిన ప్రతి చోటునీ ఒక చుక్కగా పెడితే, రెండు నౌకల చుక్కల మబ్బులూ ఎంత వేరుగా పరుచుకుంటాయో తెర మీదే కనబడుతుంది.

ఈగల్‌కీ అదే పరీక్ష. సొరంగంలో గాలి తోసిన తోపుని కలిపి నడిపితే, చుక్కల మబ్బు అనుకున్న చోటు నుంచి ఆరు కిలోమీటర్లు ముందుకి జరిగి, వెస్ట్ అనే గుంట మీద పడాలి. అక్కడి నుంచి లెక్కకి అందదు. దాదాపు 150 మీటర్ల ఎత్తులో ఆర్మ్‌స్ట్రాంగ్ నౌకని తన చేతుల్లోకి తీసుకున్నారు, బండరాళ్లు దాటించి చదునైన చోటు వెతికారు. సిమ్యులేటర్ కూడా అక్కడ ఆడేవాడికి అప్పగించాలి. కిటికీ అద్దం మీద గీతలు, తెర మీద అంకెలు, హ్యూస్టన్ గొంతు, అంతే.

ఆ గొంతు ఇంధనం గురించి చెబుతుంది. ఇంధనం తక్కువగా ఉందనే లైటు వెలగగానే హ్యూస్టన్‌లో ఇంధనం లెక్క చూసే బాబ్ కార్ల్‌టన్ స్టాప్‌వాచ్ నొక్కారు. అరవై సెకన్లు అని, రేడియోలో నౌకతో మాట్లాడే చార్లీ డ్యూక్ పైకి చెప్పారు, తర్వాత ముప్ఫై సెకన్లు అన్నారు. దిగడమా తిరిగి వెళ్లడమా తేల్చేయాల్సిన క్షణానికి అంత టైమ్ ఉందని అర్థం. ముప్ఫై అన్న తొమ్మిది సెకన్లకి ఈగల్ 0.67 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 23.47 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నేలని తాకింది. తర్వాత టెలిమెట్రీ, అంటే నౌక రేడియోలో పంపిన కొలతలు, చూస్తే ట్యాంకుల్లో అనుకున్నదానికన్నా ఎక్కువ మిగిలి ఉంది, సుమారు 45 సెకన్లకి సరిపోయేంత. నౌక అటూ ఇటూ వాలుతుంటే ట్యాంకులో ఇంధనం తొణికి, సెన్సర్ బయటపడి, లైటు ముందే వెలిగిందని తేలింది. తర్వాతి నౌకల్లో తొణకకుండా అడ్డుగోడలు పెట్టారు.

నా సిమ్యులేటర్‌లో ఇప్పుడు తొణికే ట్యాంకు కలుపుతున్నాను. దాంతో లోపల రెండు లెక్కలు నడుస్తాయి, మిగిలిన ఇంధనం ఒకటి, స్టాప్‌వాచ్ చెప్పే సెకన్లు ఇంకొకటి. ఆడేవాడికి వినిపించేది రెండోదే.